ఒక్కరోజుకని తీసిన తాళం

మొన్న మా అపార్ట్‌మెంట్ మేడమీద కొత్త ఇంటర్నెట్ యాంటెన్నా బిగించడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. ఉతికిన బట్టలు ఆరేయడానికి వెళ్ళినదాన్ని బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కేబుల్ అతుకు మీద చుట్టే నల్ల రబ్బరు టేపును సాగదీస్తే ఒక వాసన వస్తుంది. ఎండలో వదిలేసిన సైకిలు ట్యూబు వాసనకు కాస్త కిరసనాయిలు కలిసినట్టుంటుంది. ఆ వాసన పీల్చి పదేళ్ళు దాటింది. అతను టేపును పైనుంచి కిందికి చుట్టుకుంటూ వస్తున్నాడు. ఆపుకోలేక, "కిందనుంచి పైకి చుట్టు నాయనా. లేకపోతే మడతల్లోకి వాననీళ్ళు దిగుతాయి" అన్నాను. అతను నన్నూ, నా బకెట్టునూ మార్చి మార్చి చూసి, "మీకెలా తెలుసు మేడమ్?" అన్నాడు. ఒకాయన నేర్పారని చెప్పాను. ఎవరని అతను అడగలేదు. అడిగి ఉంటే ఎక్కడ మొదలుపెట్టేదాన్నో నాకు తెలియదు.

ఆయన పేరు ఏడుకొండలు గారు. బందరు తీరంలో తరతరాలుగా సముద్రంలో చేపలు పట్టుకుని బతికే కుటుంబం వాళ్ళది. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆయనే. ఓడల్లో రేడియో ఆపరేటరుగా చాలా ఏళ్ళు తిరిగి, ఇక చాలనుకుని ఒడ్డుకు వచ్చి, గవర్నర్‌పేటలో హోల్‌సేల్ మందుల దుకాణాల పైన రెండో అంతస్తులో ఉన్న ఓ చిన్న ఇంటర్నెట్ కంపెనీలో చేరారు. నేను చేరేనాటికి అక్కడ యంత్రాలకు సంబంధించినంత వరకు ఆయన మాటే మాట. పొట్టి మనిషి. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటిమీదే ఉండేది. జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్. ఫోన్‌లో ఎంత మామూలు విషయమైనా గొంతు తగ్గించి, పేర్లు చెప్పకుండా మాట్లాడేవారు. ఇంటికి ఫోన్ చేసి కూరగాయల సంగతి చెప్పినా అలాగే. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

నాది పెడన. మాది మగ్గాల ఇల్లు. విజయవాడలో ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం కోసం ఏడాది పైగా తిరిగి, రెండువేల దశకం మొదట్లో ఆ కంపెనీలో చేరాను. మొదటిరోజే ఆయన నన్ను మేడమీదికి తీసుకెళ్ళి ఇనుప స్తంభం చూపించారు. "ఎత్తంటే భయమా?" అని అడిగారు. లేదు సార్ అన్నాను. కాళ్ళు వణుకుతున్నాయి. ఆయన నా కాళ్ళవైపే చూస్తూ, "భయముంటే చెప్పు పద్మా. భయపడేవాళ్ళు బెల్టు సరిగ్గా పెట్టుకుంటారు. లేదని చెప్పేవాళ్ళతోనే నాకు భయం" అన్నారు. ఆ మాట ఎత్తు గురించే అనుకున్నాను.

వైర్‌లెస్ అంటే ఏమిటో నాకు పుస్తకాల్లో తెలుసు. ఆయనకు చిన్నప్పటినుంచీ ఒంటికి తెలుసు. ఒకసారి కొండపల్లి దగ్గర స్తంభం ఎక్కి దిగాక నీడలో కూర్చుని, వాళ్ళ ఊళ్ళో పడవలకు రేడియో సెట్లు వచ్చినప్పటి సంగతి చెప్పారు. "మా తమ్ముడు సముద్రంలోంచి 'వల చిరిగింది, వచ్చేస్తన్నా' అన్నాడనుకో, ఒడ్డున మా అమ్మ పెద్ద గంపలు బయటికి తీసేది. చేపలు బాగా పడ్డాయని దాని అర్థం. 'బాగానే ఉంది' అన్నాడా, పొయ్యి మీద పప్పు పెట్టేసేది." ఎందుకలాగ అని అడిగాను. "నిజం చెప్తే పక్క పడవలన్నీ అక్కడికే వస్తాయిగా. గాల్లో పోయే మాట నీకు కావలసినవాడి చెవి వెతుక్కుంటా పోదమ్మా. సెట్టున్న ప్రతివాడికీ వినపడుద్ది. మా అమ్మకి చదువు లేదు, ఈ సంగతి తెలుసు. యంత్రాలు తయారుచేసేవాళ్ళకి ఎందుకు తెలీదో నాకర్థం కాదు."

యంత్రాలు తయారుచేసేవాళ్ళు అని ఆయన అన్నది ఊరికే కాదు. అప్పటికి మేం నగరంలో మేడల మీదనుంచి మేడల మీదికి తక్కువ దూరాలకు ఇంటర్నెట్ పంపేవాళ్ళం. ఆ దశకం మధ్యలో వైమాక్స్ వచ్చింది. ఒక టవర్ నిలబెడితే చుట్టూ మైళ్ళ దూరంలో ఉన్న ఊళ్ళకు, తీగ లాగకుండా, వేగమైన ఇంటర్నెట్ అందుతుందన్నారు. పొలాల మధ్య గట్ల వెంట కేబుల్ వేయలేని మా డెల్టాకు దేవుడిచ్చిన వరమనుకున్నాం. యంత్రాలు అమ్మిన కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి మాకు రెండురోజులు పాఠం చెప్పాడు. కస్టమర్ ఇంట్లో పెట్టే ప్రతి పెట్టెలోనూ దాని గుర్తింపు పత్రం ఉంటుందనీ, టవర్ దాన్ని చూసి, సరిపోలితేనే లోపలికి రానిస్తుందనీ వివరించాడు. ఏడుకొండలు గారు వెనక బెంచీలోంచి చెయ్యెత్తారు.

"టవర్ కస్టమర్‌ని నువ్వెవరని అడుగుద్ది. బాగుంది. మరి కస్టమర్ పెట్టె టవర్‌ని అడుగుద్దా అండీ, నువ్వెవరని?"

ఈ యంత్రాల్లో అలాంటిది లేదన్నాడు ఇంజనీరు.

"అయితే రేపు ఎవరన్నా మన టవర్‌లాంటిదే ఇంకోటి పెట్టి, నేనే మీ టవర్‌ని అంటే, ఈ పెట్టెలు నమ్మి వెళ్ళిపోతాయిగా?"

"పామర్రులో దొంగ టవర్ ఎవరు పెడతారు సార్?" అన్నాడు ఇంజనీరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమే కూర్చుని ఆ యంత్రాల కంపెనీకి ఇంగ్లీషులో మూడు పేజీల ఉత్తరం రాశారు. టైపు చేసింది నేనే. జవాబు రాలేదు. తరవాత కొన్నేళ్ళకు వచ్చిన కొత్త రకం యంత్రాల్లో సరిగ్గా ఆయన అడిగినదే పెట్టారు, రెండువైపులా ఒకరినొకరు గుర్తుపట్టుకునే ఏర్పాటు. దాన్ని ఆయన ఉత్తరం చూసి పెట్టారని నేననను. కానీ ఓ మూల గదిలో కూర్చుని ఆ ప్రశ్న ముందే అడిగిన మనిషిని చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నానని గుర్తుంది.

పామర్రులో టవర్ నిలబెట్టే పని నాకు అప్పగించారు. నా మొదటి సొంత పని అది. చుట్టుపక్కల కస్టమర్లు పదిమందికి మించి లేరు. ఒక రైస్‌మిల్లు, చేపల చెరువుల వాళ్ళ ఆఫీసు, ఒక నెట్ సెంటర్, ఒక రక్తపరీక్షల ల్యాబ్, ఇంకా కొందరు. ఏడుకొండలు గారు నాకు ఒకటే గట్టిగా చెప్పారు. ప్రతి కస్టమర్‌కీ విడిగా తాళం ఉండాలి, ఒకరి కంప్యూటరు ఇంకొకరికి కనపడకూడదు. "అద్దె గదుల్లాగా అనుకో. ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. మధ్యలో గోడ" అన్నారు. అలాగే పెట్టాను. వారం రోజులు బాగా నడిచింది.

తరవాత కరెంటు కోతలు మొదలయ్యాయి. టవర్ కింద గదిలో ఉన్న బ్యాటరీలు ఎక్కువసేపు ఆగేవి కావు. అవి చచ్చిపోయి మళ్ళీ కరెంటు వచ్చేసరికి టవర్ యంత్రంలోని గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయేది. కస్టమర్ పెట్టెలు తమ గుర్తింపు పత్రాలు చూపిస్తే, దాని లెక్కలో ఆ పత్రాలు ఇంకా పుట్టలేదు కాబట్టి అన్నిటినీ బయటికి గెంటేసేది. నేను గవర్నర్‌పేటనుంచి బస్సెక్కి ఉయ్యూరు మీదుగా పామర్రు వెళ్ళి, గడియారం సరిచేసి వచ్చేదాన్ని. తిరిగి వచ్చేలోపు మళ్ళీ కరెంటు పోయేది. అందరికంటే ఎక్కువగా ఫోన్ చేసేది ల్యాబ్‌లో పనిచేసే సుజాత. ఇరవయ్యేళ్ళ పిల్ల. "అక్కా, మళ్ళీ పోయిందక్కా. విజయవాడ డాక్టరుగారికి రిపోర్టులు వెళ్ళాలి, ఇక్కడ జనం కూర్చునున్నారు" అనేది. ఆ గొంతు వినగానే మళ్ళీ బస్సెక్కేదాన్ని.

అదే సమయంలో ఏడుకొండలు గారు కంటి ఆపరేషన్ కోసం సెలవు పెట్టారు. వెళ్ళేముందు ఎండీ గారితో, "పామర్రు సంగతి పద్మ చూసుకుంటది. నేను చూడక్కర్లేదు" అన్నారు. ఎవరు చేసిన పనినైనా తానే వెళ్ళి చూసుకునే మనిషి ఎవరి గురించైనా అలా అనడం నేను మొదటిసారి విన్నాను. ఆ మాటకు పొంగిపోయాను. ఆ పొంగు వల్లే ఆయన ఇంటికి ఫోన్ చేసి, నావల్ల కావడం లేదు, ఏం చేయమంటారని అడగలేకపోయాను.

టవర్ ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టారు. పెద్దమనుషులు వస్తారు, తెర మీద విజయవాడ ఆసుపత్రితో మాట్లాడించి చూపించాలి. ముందురోజు పొద్దున పదకొండు గంటలకు మళ్ళీ కరెంటు పోయి వచ్చింది, మళ్ళీ అందరూ బయటపడ్డారు. ఎండీ గారు ఫోన్‌లో అరిచారు. నేను టవర్ గదిలో స్టూలు మీద కూర్చుని ఆ తాళాల ఏర్పాటు మొత్తం, మధ్యలో గోడలతో సహా, తీసేశాను. ఎంత తేలికో చెప్పలేను. సెట్టింగుల్లో ఒక్క వరస మార్చడమే. ఒక్కరోజుకే కదా, రేపు సాయంత్రం మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. క్షణంలో అందరూ లోపలికి వచ్చేశారు. కరెంటు పోయి వచ్చినా ఎవరూ బయటపడలేదు. ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది, నాకు శాలువా కప్పారు. మర్నాడు సుజాత ఫోన్ చేసి, "ఇప్పుడు బ్రహ్మాండంగా వస్తందక్కా, ఏం చేశారు?" అంది. ఆ వారం నేను తాళాలు పెట్టలేదు. ఆ నెలా పెట్టలేదు.

ఏడుకొండలు గారు నల్లకళ్ళద్దాలతో ఆఫీసుకు తిరిగి వచ్చిన రోజు, టీ గ్లాసు అందుకుంటూ అడిగారు. "పామర్రులో గడియారం గొడవ తీరిందంటగా. తాళాలు ఉన్నాయిగా?"

"ఉన్నాయి సార్" అన్నాను.

ఆయన తలూపి టీ తాగారు. తరవాత ఆ సంగతి ఎత్తలేదు.

రెండు నెలలు గడిచాక ఒకరోజు పొద్దున సుజాత ఫోన్ చేసింది. ఏడుస్తోంది, మాట అర్థం కాలేదు. ఫోన్ ఆయన తీసుకున్నారు. విన్నారు. "వస్తన్నామమ్మా" అని పెట్టేసి, తన కంప్యూటరులో ఏదో చూసి, నన్ను జీపెక్కమన్నారు. పామర్రులో నేరుగా నెట్ సెంటర్‌కు వెళ్ళి, ఒక కంప్యూటరు ముందు కూర్చుని రెండుసార్లు నొక్కారు. మా టవర్ కింద ఉన్న కంప్యూటర్లన్నీ పేర్లతో సహా వరసగా కనపడ్డాయి. ల్యాబ్ కంప్యూటరూ ఉంది. అందులో రిపోర్టుల ఫోల్డర్, డాక్టరుగారు విజయవాడ నుంచి చూసుకోవడానికని తెరిచిపెట్టింది, ఇక్కడ అందరికీ తెరుచుకుంది. దొంగ టవర్ అక్కర్లేకపోయింది. దొంగ కూడా అక్కర్లేకపోయాడు. నెట్ సెంటర్‌కు వచ్చిన ఎవరో తోచక అటూ ఇటూ నొక్కి చూశారు. తెలిసిన పేరు కనపడింది. చదివారు. బయటికి వెళ్ళి చెప్పారు. ఆయన మానిటర్ స్విచ్చి ఆపేశారు. అప్పటికే ఒక పేరు నా కంటపడింది.

ఆ పేరు మహాలక్ష్మి. పామర్రుకు కాస్త దూరంలో ఒక ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే మనిషి. లారీ డ్రైవరైన భర్త అంతకుముందే పోయాడు. జ్వరం వదలకపోతే సుజాతే తీసుకొచ్చి రక్తపరీక్ష చేయించింది. మహాలక్ష్మి ఆమెకు స్వయానా పెద్దమ్మ. హెచ్.ఐ.వి. ఉందని రిపోర్టు వచ్చింది. సుజాత ఎవరికీ చెప్పలేదు, కన్నతల్లికి కూడా చెప్పలేదు. నాలుగురోజుల్లో ఊరంతటికీ తెలిసిపోయింది. పిల్లల తల్లిదండ్రులు బడికి వచ్చి కంచాలు లాక్కుపోయారు.

ఏడుకొండలు గారు ఆమె ఇంటికి వెళదామన్నారు. ఫోన్ చేద్దామా సార్ అన్నాను. ఆయన అప్పటికే జీపు ఎక్కేశారు. మహాలక్ష్మి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. నలభయ్యేళ్ళు ఉంటాయేమో. కంపెనీ నుంచి వచ్చామని చెబితే, "ఏం కంపెనీ? నాకు కంప్యూటర్ లేదండి. ఇంట్లో ఫోనే లేదు" అంది. ఆయన కింద గచ్చు మీద కూర్చున్నారు. ల్యాబ్ నుంచి డాక్టరుకు కాయితం గాల్లో ఎలా వెళ్తుందో, దానికి తాళం ఎలా వేయాలో, వేయకపోతే ఏమవుతుందో చిన్న చిన్న మాటల్లో చెప్పారు. "తాళం వేయాల్సింది మేమమ్మా. వెయ్యలేదు. తప్పు మాది. ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు."

మహాలక్ష్మి మంచం మీంచి లేచింది. "గాల్లోంచి నా పేరు చదివారా? ఎవరు నమ్ముతారండి ఈ మాట? మా సుజాత పంపిందా మిమ్మల్ని? అది చెప్పి, ఇప్పుడు మీచేత చెప్పిస్తందా?"

"కాదమ్మా. నామీద ఒట్టు."

"అయితే ఎవరు తీశారు తాళం? మనిషి పేరు చెప్పండి."

ఆయన ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణం నాకోసం ఆగారు. నేను ఆమె మొహం చూడలేక వాకిట్లో ఆరబోసిన వడియాలు చూస్తున్నాను. "నేనే చూసుకోవాల్సింది. చూసుకోలేదు" అన్నారాయన. ఆమె తల అడ్డంగా ఊపింది. "చూసుకోకపోవడం వేరండి. మీరు మంచోళ్ళు. దాన్ని కాపాడ్డానికి వచ్చారు. వెళ్ళండి" అని లోపలికి పోయింది.

తిరుగుదారిలో ఉయ్యూరులో జీపు ఆపి టీ చెప్పారు. చెరకు ఫ్యాక్టరీ వాసన వస్తోంది. టవర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో విజయవాడలోని మా యంత్రం రాసిపెట్టుకుంటుంది, అది నాకూ తెలుసు. "పొద్దున బయల్దేరేముందే చూశానమ్మా. ప్రారంభోత్సవం ముందురోజు, పదకొండింటికి" అన్నారు. నేను ఏడ్చాను. ఒక్కరోజుకని తీశాను సార్ అన్నాను. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "నా కన్ను ఆపరేషన్ అయింది గానీ చెవులు బాగానే ఉన్నాయిగా. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది" అన్నారు. టీ డబ్బులిచ్చి, "ఎల్లుండి మీటింగ్ పెడతారు. నీ పేరు నేను చెప్పను. నువ్వు చెప్తే నీ పక్కన నిలబడతా. ఆలోచించుకో" అన్నారు.

ఆలోచించుకున్నాను. మా ఇంట్లో మగ్గాలు ఆగిపోయి నాన్న ఖాళీగా కూర్చున్న రోజులవి. అందుకే చెప్పలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, ఆ శాలువా కప్పించుకున్న అమ్మాయిని నేను కాదని నలుగురి ముందు చెప్పడానికే నాకు నోరు రాలేదు. మీటింగులో ఎండీ గారు ఎవరి బాధ్యత అని అడిగారు. ఏడుకొండలు గారు నావైపు చూడలేదు. నేను మాట్లాడటానికి చోటు వదిలినట్టుగా, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో నిదానంగా తుడుచుకున్నారు. తుడవడం అయ్యాక మళ్ళీ పెట్టుకుని, "నాది సార్" అన్నారు. నెలాఖరుకు వెళ్ళిపొమ్మన్నారు.

ఆ నెలలో ఆయన రెండు పనులు చేశారు. కరెంటు వచ్చిన ప్రతిసారీ టవర్ గడియారం విజయవాడలోని మా యంత్రాన్ని సమయం అడిగి తెలుసుకున్నాకే కస్టమర్ల పత్రాలు చూసేట్టు ఏర్పాటు చేశారు. దానికి పట్టింది ఒక మధ్యాహ్నం. నేను పక్కన కూర్చుని చూశాను. మహాలక్ష్మి బతుకు ఆ ఒక్క మధ్యాహ్నం పనిమీద ఆధారపడి ఉండిందని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం లేదు. తాళాలు మళ్ళీ పెట్టి, "నువ్వే ఓసారి చూడు" అని లేచారు.

రెండో పని, మహాలక్ష్మి వండే బడికి వెళ్ళడం. నన్నూ తీసుకెళ్ళారు. హెడ్‌మాస్టర్ గారిని అడిగి, పిల్లలు కూర్చునే వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పిల్లలు అయిదుగురే ఉన్నారు. గేటు దగ్గర కొందరు తల్లులు నిలబడి చూస్తున్నారు. "వడ్డించమ్మా" అన్నారు. మహాలక్ష్మి అన్నం, సాంబారు వడ్డించింది. ఆయన కలుపుకుని మామూలుగా తిన్నారు, మారు వడ్డించుకున్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. తిండివల్ల అది అంటదని నాకు తెలుసు, చదువుకున్నదాన్ని. అయినా మొదటి ముద్ద నోటిదాకా వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో నాకు గుర్తుంది. అది ఆయన చూశారు. మహాలక్ష్మీ చూసింది. ఆ తరవాత కొందరు పిల్లలు తిరిగి వచ్చారట. అందరూ రాలేదు. మరుసటి ఏడు ఆమెను తీసేశారని విన్నాను.

ఆయన బందరు దగ్గర సొంత ఊరు వెళ్ళిపోయి, పడవల రేడియో సెట్లు బాగుచేసుకుంటూ బతికారు. నేను ఆ కంపెనీలో పైకి వచ్చాను, తరవాత ఇంకో పెద్ద కంపెనీకి మారాను. నెట్‌వర్కుల భద్రత చూసే పనే నాది. నలుగురికీ పాఠాలు కూడా చెప్పేదాన్ని. ఆరేడేళ్ళ తరవాత ఒక ఆదివారం ధైర్యం చేసి ఆయన ఇంటికి వెళ్ళాను. వరండాలో విప్పేసిన సెట్టు ముందు కూర్చుని ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. "మీకు చెప్పాలని వచ్చాను సార్. ఆరోజు మీటింగులో నేను..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు. "నాకు తెలిసిన సంగతి నాకు చెప్పడానికి ఇంతదూరం ఎందుకొచ్చావమ్మా? ఆవిడకి చెప్పావా?"

లేదన్నాను.

"పేరు చెప్పమని అడిగిందిగా. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను చెప్పింది ఆవిడ నమ్మలేదు. నిజం కాదు కాబట్టే నమ్మలేదు." తరవాత వాళ్ళావిడ చేపలపులుసుతో అన్నం పెట్టింది. భోజనం అయ్యాక ఆయన బస్టాపుదాకా నడిచి వచ్చారు.

మర్నాడే మహాలక్ష్మి ఊరు వెళ్ళాను. ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. వాళ్ళు పక్క వీధిలో ఉన్న చెల్లెలి ఇల్లు చూపించారు. చెల్లెలు రమణమ్మ, సుజాత తల్లి. వాకిలి ఊడుస్తోంది. మహాలక్ష్మి పోయి మూడేళ్ళయిందని చెప్పింది. "మా అమ్మాయే బయటపెట్టిందని మా అక్క మాతో మాట మానేసిందండి. మంచంలో ఉన్నప్పుడు జావ తీసుకెళ్తే గడప తొక్కనివ్వలేదు. పోయినరోజు కూడా మమ్మల్ని దగ్గరికి రానివ్వొద్దని చెప్పిందంట. దీనికి రెండు సంబంధాలు అలాగే పోయినయి, ఇంటి గుట్టు దాచదని."

నిలబడే చెప్పాను. తాళం తీసింది నేనని, నా చేత్తో తీశానని, అడిగితే ఉందని అబద్ధం చెప్పానని, మీ అక్క నా ఎదురుగా పేరు అడిగినప్పుడు పక్కనే ఉండి నోరు విప్పలేదని. రమణమ్మ చీపురు కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. లోపలికి తిరిగి, "సుజాతా, ఇటు రా" అని పిలిచింది. సుజాత తడిచేతులతో వచ్చి నన్ను గుర్తుపట్టి నవ్వింది. రమణమ్మ నావైపు తిరిగి, "ఇంకోసారి చెప్పండి. దానికి చెప్పండి" అంది.

రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం. సుజాత నవ్వు మెల్లగా పోయింది. అంతా విని గుమ్మం పట్టుకుని, "కరెంటు పోయినప్పుడల్లా నేనే కదక్కా ఫోన్ చేసి మిమ్మల్ని విసిగించింది. అందుకే తీశారా?" అంది. కాదమ్మా అన్నాను. ఎన్నిసార్లు అన్నానో. ఆమె నమ్మిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆమెకు ఆ తరవాత పెళ్ళయిందని, బందరులో ఉంటోందని విన్నాను. మా మధ్య మళ్ళీ మాట లేదు.

ఆ సాయంత్రం ఏడుకొండలు గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఎప్పటిలాగే గొంతు తగ్గించి, పేర్లు పలక్కుండా, "ఆ చిన్నదానికి చెప్పావు. అదన్నా అయింది" అన్నారు. క్షమించానని అనలేదు, అనడానికి అది ఆయన చేతిలో లేదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. వైమాక్స్ అంతకుముందే పోయింది. ఆ యంత్రాలు, వాటి గడియారాలు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. ఆయన దగ్గర నేర్చుకున్న విద్యలో ఇప్పుడు పనికొచ్చేది చాలా తక్కువ. నా కింద పనిచేసేవాళ్ళు ఏదైనా పాడుచేసి వచ్చి, "నేనే చేశాను మేడమ్" అన్నప్పుడు ముందు వాళ్ళను కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాను. అది చెప్పడానికి ఎంత బలం కావాలో నాకు తెలుసు. ఆయన పక్కన నిలబడతానన్నప్పుడు నాకది లేకపోయింది. వచ్చేసరికి, వినాల్సిన మనిషి లేదు.